బొట్టు పెట్టి పిలవని ఇల్లు

సాలూరు,
9 ఫిబ్రవరి 2025.

అక్కా,

నేను వదిన మీద కుళ్లుకుని ఏడుస్తున్నానని అమ్మ నీతో చెప్పిందట. నువ్వు బావతో అన్నావట. బావ అన్నయ్యతో అన్నాడట. నిన్న కంచం ముందు కూర్చుని అన్నయ్య, "ఏటే యమునా, మా ఆవిడంటే నీకంత కుళ్లేటి?" అని అందరి ముందూ నవ్వుతూ అడిగాడు. సాలూరులో బయలుదేరిన మాట శృంగవరపుకోట వెళ్లి మళ్లీ సాలూరు చేరింది. మన ఊరి లారీలకు కూడా అంత వేగం లేదు. ఈ ఇంట్లో నేను అన్న మాట పక్క గదికి వినిపించదు, అనని మాట మాత్రం ఊళ్లు దాటుతుంది.

ఫోన్ చేయొచ్చు కదా అంటావు. నీ ఫోన్ మోగగానే మీ అత్తగారు "స్పీకర్ ఎట్టవే, నేనూ ఇంటాను" అంటారు. అందుకే కాగితం.

జరిగింది జరిగినట్టు రాస్తాను, నువ్వే తీర్పు చెప్పు.

ఎదురింటి నారాయణమూర్తి మాస్టారి పృథ్వీరాజ్ నీకు తెలుసు. నీ పెళ్లిలో లడ్డూలు జేబులో కుక్కుకుని పట్టుబడ్డాడు, వాడే. ఇప్పుడు పాలిటెక్నిక్ చదువుతున్నాడు. చదువుతున్నాడనే అనుకున్నాం. జనవరిలో వాళ్లింట్లో గ్యాస్ బండ పోయింది. తర్వాత మాస్టారి స్కూటర్ పోయింది. రెండూ అమ్మింది వాడే. గంజాయి కోసం. లారీ స్టాండ్ దగ్గర పొట్లాలు అమ్ముతున్నారని ఊళ్లో అందరికీ ఎప్పటినుంచో తెలుసు. మన వీధి గడప తొక్కేదాకా అది లారీవాళ్ల గొడవ అనుకున్నాం, అంతే. వాడిని విజయనగరం ఆసుపత్రిలో చేర్చి వచ్చిన రోజు మాస్టారు అరుగు మీద కూర్చుని, దారినపోయే ప్రతివాళ్లకీ "జ్వరం, జ్వరం" అని వాళ్లు అడగకుండానే చెప్పారు. అది చూశాకే అనుకున్నాను, ఏదో ఒకటి చేయాలని.

వీధి కమిటీ అన్నది నా ఆలోచన. వాట్సాప్ గ్రూపు పెట్టింది నేను. పోస్టర్ గీసింది నేను. పోలీస్ స్టేషన్‌కి వెళ్లి ఎస్సై గారిని కలిసింది నేను. మొదటి మీటింగుకి ఎవరొచ్చారో తెలుసా? నేను, మాస్టారు, కుర్చీల బాడుగ కోసం టెంట్ హౌస్ అతను.

అప్పుడు వదిన రంగంలోకి దిగింది. "ఫోన్లో పిలిస్తే ఎవులొస్తారే? పేరంటానికి పిలిసినట్టు పిలవాల" అని కుంకుమ భరిణె పట్టుకుని గడప గడపకీ వెళ్లి బొట్టు పెట్టి పిలిచింది. బొట్టు పెట్టించుకున్నాక రాకపోతే తప్పు కదా. వీధి వీధంతా దిగింది. కొందరు పట్టుచీరలు కట్టుకుని మరీ వచ్చారు. వదిన అందరికీ తాంబూలం, నానబెట్టిన శనగలు ఇచ్చింది. అక్కా, గంజాయి మీద మీటింగుకి శనగలు! నేను పుస్తకాలు తిరగేసి రాసుకున్న ప్రసంగం "ఇటు రెండు గుప్పిళ్లు ఎయ్యమ్మా" అన్న కేకల మధ్య చదివాను. ఆఖర్న అందరూ చప్పట్లు కొట్టి అనూరాధ వదినను అధ్యక్షురాలిని చేశారు. "మరి యమునో?" అని ఎవరో అడిగితే, "ఆ గుంట రాసుకుంటాదిలే" అన్నారు. ఎంఏ సోషల్ వర్క్ చదివిన నేను రాసుకునే పిల్లనన్నమాట.

వీధిలో రానిది ఒక్క గున్నమ్మ. మన వీధి చివరి గదిలో ఉంటుంది, లారీ స్టాండ్ మలుపులో టీ కొట్టు నడుపుతుంది. "అది ఎందుకు రాలేదంటావ్?" అని శనగలు నములుతూనే అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

ఇప్పుడు చెప్పు, ఇందులో నా కుళ్లు ఎక్కడుంది? నా వస్తువు ఎవరో పట్టుకుపోతే అది నాది అనడం కుళ్లెలా అవుతుంది?

నీ తీర్పు కోసం,
రాసుకునే పిల్ల యమున.


శృంగవరపుకోట,
14 ఫిబ్రవరి.

ఒసే యమునా,

ముందు ఆశీర్వాదం, తర్వాత చీవాట్లు.

నీ ఉత్తరం పోస్టుమాన్ నా చేతికే ఇచ్చాడు. అయినా మా అత్త వంటింట్లోంచి "ఎవుల్దే?" అని మూడుసార్లు అరిచింది. చీరల చీటీ కాగితం అన్నాను. చూడు, నీకోసం అబద్ధాలు కూడా ఆడుతున్నాను.

ఇక్కడ సంగతి విను. మీ వదిన ఫోటో పేపర్లో పడింది కదా, వీధి ఆడవాళ్లతో ప్రతిజ్ఞ చేయిస్తున్నది. అత్త దాన్ని కత్తిరించి ఫ్రిజ్ తలుపుకి అంటించింది. పాలు తీసినప్పుడల్లా దానికి దండం పెట్టేలా ఉంది. "నా కూతురు కలెక్టరవాల్సిన పిల్ల" అంటోంది. ఆ ఫోటోలో ఓ మూల నీ మోచెయ్యి కూడా పడింది. గాజుల్ని బట్టి గుర్తుపట్టాను.

కుళ్లు లేదంటావు. నీ ఉత్తరంలో "నేను" అన్న మాట ఎన్నిసార్లు వచ్చిందో ఒకసారి చదువుకో. వదినకి మంచి చీర ఒకటి కొనిపెట్టి, "భలే చేశావు వదినా" అని నవ్వేయ్. నవ్వితే నీ మూతేం అరిగిపోదు.

నువ్వు మర్చిపోతున్నావేమో గుర్తు చేస్తాను. మనది కుండమార్పు సంబంధం. ఒకే పందిట్లో ఈ ఇంటి పిల్ల అన్నయ్యకి, నేను ఈ ఇంటి పెద్దబ్బాయికి. ఆవిడ నాకు వదినా అవుతుంది, ఆడపడుచూ అవుతుంది. అక్కడ ఆవిడ మొహం చిన్నబోతే ఇక్కడ నేను వండిన పప్పులో ఉప్పు ఎక్కువవుతుంది. మీ బావ నోరు విప్పడు, అత్త నోరు మూయదు. ఆమె అక్కడ సుఖంగా ఉంటేనే నేను ఇక్కడ సుఖంగా ఉంటాను. ఇది ఏ ఎంఏలోనూ చెప్పరు.

గున్నమ్మ సంగతి రాశావు. మొగుడు పోయిన మనిషి, పొద్దస్తమానం లారీవాళ్ల మధ్య కొట్టు. తప్పు లేకపోతే మీటింగుకి ఎందుకు రాదు? మీరు గట్టిగా అడగండి.

మా మరిది గిరిబాబు వచ్చే వారం చింతపండు బస్తాలతో నాన్న కొట్టుకి వస్తాడు. చింతకాయ పచ్చడి పంపుతున్నాను. మొన్న నీ మాట వస్తే, "యమునకి బుర్ర ఉన్నాది గానీ నవ్వు లేదు" అన్నాడు. నేను కాదనలేకపోయాను.

బుజ్జిగాడికి ముందు పన్ను ఊడింది. మేడ మీదకి విసిరితే ఎదురింటివాళ్ల పెరుగు గిన్నెలో పడింది. గొడవ ఇంకా నడుస్తోంది.

నీ మేలు కోరే
ఈశ్వరక్క.


సాలూరు,
19 ఫిబ్రవరి.

పచ్చడి పంపిన అక్కకి,

బాగుంది. ఇంగువ కొంచెం ఎక్కువైంది. ఇదీ కుళ్లేనేమో.

గట్టిగా అడగమన్నావు కదా, వెళ్లి అడిగాను. గున్నమ్మ గ్లాసులు కడుగుతోంది. "మీటింగుకి ఎందుకు రాలేదు?" అన్నాను. నా మొహంలోకి చూడకుండానే అంది: "నన్నెవులు పిలిసినారు తల్లీ? అందరికీ బొట్టెట్టి పిలిసినారు. ఇటు పక్కింటికి ఎట్టినారు, అటు పక్కింటికి ఎట్టినారు. నా గడప ముందు మీ వదిన తలొంచుకుని దాటిపోనాది. మొగుడు సచ్చినోళ్లకి బొట్టెట్టరు, నాకెరికే. పెళ్లికి పిలవరు, పేరంటానికి పిలవరు. ఇదీ పేరంటమే కాబోలనుకున్నాను."

విన్నావా? వీధేమో ఈమె తప్పు చేసింది కాబట్టి రాలేదంటోంది. ఆవిడేమో పిలవలేదు కాబట్టి రాలేదు. నేను వాట్సాప్‌లో పిలిచినప్పుడు ఎవరూ రాలేదన్నది నిజమే. కానీ అందులో పిలుపు అందని గడప లేదు. గున్నమ్మ కూడా ఉంది ఆ గ్రూపులో, రోజూ దేవుడి బొమ్మలు పెడుతుంది.

ఇంటికొచ్చి వదినతో చెప్పాను. ఎంత నెమ్మదిగా చెప్పాలో అంత నెమ్మదిగానే చెప్పానని నా నమ్మకం. "బొట్టెట్టలేను, ఎట్టకుండా ఎలాగ పిలవాలో తెల్లేదు. అలగే వొచ్చేసినాను" అంది. అని ఏడ్చింది. వదిన ఏడుపు కూడా అందంగా ఉంటుందక్కా, ముక్కు ఎర్రబడదు. అమ్మ వచ్చి, "పిల్లని ఎందుకేడిపించినావే?" అంది. అన్నయ్య ఆ పూట నాతో మాట్లాడలేదు. అయినా నీకు తప్ప ఎవరికీ చెప్పని మాట చెబుతాను. వదిన తప్పు ఒకటి దొరికిందని లోపల నాకు కాస్త తీపిగానే ఉంది.

"అయితే ఇప్పుడెళ్లి పిలువు వదినా" అన్నాను. కళ్లు తుడుచుకుని, "ఇప్పుడెల్తే, ముందు పిలవలేదని ఒప్పుకున్నట్టే కదా. అధ్యక్షురాలిని" అంది. వెళ్లలేదు. మర్నాడు కమిటీ ఆడవాళ్లు జెండా పట్టుకుని వెళ్లి గున్నమ్మ కొట్టు మూయించారు. పొట్లాలు ఆ కొట్టు వెనకే చేతులు మారుతున్నాయట, కాబట్టి అమ్మేది ఆమేనట. ఫోటో తీశారు. ఈసారి నా మోచెయ్యి కూడా అందులో లేదు.

ఇంకో సంగతి, ఊరికే అడుగుతున్నాను. గిరి బావ చింతపండుకి ఏజెన్సీ కొండల మీదకి ఏ వారం వెళ్తాడు? ఒక్కడే వెళ్తాడా? బస్తాలు మన కొట్టులోనే దింపుతాడా, ఇంకెక్కడైనా ఆగుతాడా? నిన్న దింపి, "టీ తాగొస్తాను" అని గున్నమ్మ కొట్టు వైపు వెళ్లాడు. కొట్టు మూసి ఉందని అతనికి తెలుసు, అన్నయ్య అప్పుడే చెప్పాడు. వచ్చేటప్పుడు మాత్రం పాట పాడుకుంటూ వచ్చాడు.

ఇక్కడ ఎండలు అప్పుడే మొదలయ్యాయి. లారీలకు బాడీలు కట్టే షెడ్డుల్లో సుత్తి దెబ్బలు తెల్లారకముందే అందుకుంటున్నాయి. తలనొప్పి.

నీ
యమున.


శృంగవరపుకోట,
22 ఫిబ్రవరి.

నా బంగారు చెల్లికి,

ఓలమ్మో! ఇన్నాళ్లకి గుట్టు బయటపడింది. "ఊరికే అడుగుతున్నాను" అట! నీ ఉత్తరంలో ఆ ఒక్క పేరా రెండుసార్లు చదివి పొట్ట పట్టుకుని నవ్వాను. వదిన మీద అంత చిరాకు ఎందుకో ఇప్పుడర్థమైంది. వదిన తమ్ముడి మీద మనసు పెట్టుకుని, వదిన ముందు నువ్వు తగ్గడమెందుకని బిగుసుకుంటున్నావు. మీ బావతో పెళ్లి మాటలప్పుడు నేనూ వారం పాటు ఎవరితోనూ మాట్లాడలేదు, తెలుసా?

దాచలేకపోయాను. అత్తకి చెప్పేశాను. అత్త ఆనందం చూడాలి! "ఆ గుంట నోరు పెద్దదే గానీ మనసు మంచిది" అంది. నీ గురించి ఆమె నోట వచ్చిన మొదటి మంచి మాట ఇది, దాచుకో. జాతకాలు చూపించడానికి పంతులుగారికి కబురు వెళ్లింది. వదినకి కూడా ఫోన్ చేశాం. ఇక నువ్వూ నేనూ ఒకే ఇంట్లో ఉంటామని తలచుకుంటే నాకు నిద్ర పట్టడం లేదు. ఈ ఇంట్లో నాతో మాట్లాడే మనిషి ఒకరొస్తారు. పొయ్యి దగ్గర నాకు పక్కన ఇంకో మనిషి.

నీ ప్రశ్నలకి జవాబులు, పెళ్లికూతురా. ప్రతి మంగళవారం ఒడిశా వైపు సంతకి వ్యాన్ వేసుకుని వెళ్తాడు. ఒక్కడే వెళ్తాడు, ఎవరూ వద్దంటాడు. వచ్చేటప్పుడు సాలూరులో మీ కొట్టు దగ్గర తప్ప ఇంకెక్కడా ఆగడు, అంత నమ్మకం మన మీద. పనిమంతుడు కూడా. ఒక్క బస్తా మాత్రం తనే మోసుకుని లోపల పెడతాడు, కూలీలను ముట్టుకోనివ్వడు. అది పైరకం పండట, నలిగితే ధర పోతుందట. అంత శ్రద్ధ మీ బావకి లేదు.

గున్నమ్మ సంగతి వదిలేయ్. పిలవకపోతే ఏమైంది, తప్పు లేనివాళ్లు పిలవకపోయినా వస్తారు. నువ్వు అన్నిట్లోనూ తల దూరుస్తావని రేపు అత్త అంటే నాకే నామోషీ.

నీకు ఏ రంగు చీర కావాలో రాయి. పసుపు వద్దు, నీకు నప్పదు.

పొంగిపోతున్న
మీ అక్క.


సాలూరు,
2 మార్చి.

ఈశ్వరక్కా,

ఏం చేశావు నువ్వు!

నీ ఫోన్ వచ్చిన సాయంత్రమే వదిన మల్లెపూలు పట్టుకుని నా గదికి వచ్చి, నన్ను దగ్గరకు తీసుకుని, "నాకెరికే నాకెరికే, నీకు నా మీద కోపం లేదు" అంది. అన్నయ్య మళ్లీ మాట్లాడుతున్నాడు. అమ్మ నా కంచంలో నెయ్యి వేస్తోంది. నాన్న నగరేశ్వరరావు గారు కొట్లో గుమస్తాలకు స్వీట్లు పంచారు. నేను చెప్పని మాటకి ఇంత మర్యాద. చెప్పిన మాటకి ఒక్కనాడూ చూడలేదు.

నాకు గిరిబాబు మీద మనసు లేదు. అనుమానం ఉంది. అనుమానం ఉండేది, ఇప్పుడు లేదు, చూశాను.

మంగళవారం మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్లినప్పుడు గోడౌన్‌లోకి వెళ్లాను. నువ్వు రాసిన ఆ ఒక్క బస్తా గోడవారగా వేరేగా నిలబెట్టి ఉంది. కుట్టు విప్పి చెయ్యి పెట్టాను. పైన చింతపండు. మోచేతి దాకా చెయ్యి దింపితే గట్టిగా తగిలాయి, గోధుమరంగు టేపు చుట్టిన పొట్లాలు. చింతపండు పులుపు వాసన కింద పచ్చి ఆకు వాసన. విజయనగరంలో మా హాస్టల్ వెనక గోడ దగ్గర ఆ వాసన నాకు తెలుసు. మళ్లీ కుట్టేస్తుండగా వెనక నుంచి వచ్చాడు.

"ఏటి మరదలా, బస్తాలు లెక్కెడతన్నావా? మీ నాన్న జీతమిస్తన్నాడేటి?"

"ఈ పైరకం పండు చూద్దామని."

"అది వేరే పార్టీది. ఒగ్గెయ్. పెళ్లయ్యాక అన్నీ నీకే సూపిస్తానుగా" అని నవ్వాడు. మంచి నవ్వే. నాకు నవ్వు లేదన్న మనిషి కదా.

తర్వాత సంచి భుజాన వేసుకుని వెళ్లాడు. నేనూ వెళ్లాను, మందుల షాపుకి వెళ్తున్నట్టు. మూసిన గున్నమ్మ కొట్టు వెనక ఒక లారీ క్లీనర్ నిలబడి ఉన్నాడు, ఇద్దరు కాలేజీ కుర్రాళ్లు ఉన్నారు. మూడోవాడు పృథ్వీరాజ్. ఆసుపత్రి నుంచి వచ్చి ఎంతో కాలం కాలేదు. వాడి చేతిలో గిరిబాబు పొట్లం పెట్టడం చూశాను. వాడి చొక్కా వదులై భుజం మీద నిలవడం లేదు.

నువ్వు అడగకముందే చెబుతున్నాను. నేను వెతికాను. వదిన వైపువాళ్ల తప్పు ఒకటి దొరకాలనే వెతికాను. దొరికింది. నా కుళ్లు వల్ల వెతికానని, దొరికినది చింతపండు అయిపోదు కదా.

వదినకి ఇంకా చెప్పలేదు. ఈలోగా గున్నమ్మ గది యజమానికి కమిటీ నోటీసులాంటిది ఇచ్చింది. పదహారో తారీఖు ఆదివారం వీధి మీటింగులో తీర్మానం చేసి ఆమెను గది ఖాళీ చేయిస్తారట. కొట్టు పోయింది, ఇక గూడూ పోతుంది. తీర్మానం శుభ్రంగా రాసిపెట్టమని నాకే చెప్పారు.

అక్కా, నువ్వు చెప్పు. ఆ ఇంట్లో ఉన్నది నువ్వు. నీకేమీ తెలియదనే నమ్ముతున్నాను.

యమున.


శృంగవరపుకోట,
7 మార్చి.

యమునా,

ఆశీర్వాదం రాయడానికి చెయ్యి రావడం లేదు.

నువ్వు చూడాలనుకున్నది చూశావు. టేపు చుట్టినవన్నీ గంజాయేనా? ఎవరివో ఏవో. పృథ్వీరాజ్ చేతిలో పెట్టింది సిగరెట్ పెట్టేమో. చిన్నప్పుడు నా చెవి దుద్దులు పోతే పనిమనిషి తీసిందని ఇల్లు పీకి పందిరేసింది నువ్వే. అవి నా తలగడ కింద దొరికాయి. అప్పుడూ ఇంతే గట్టిగా చెప్పావు.

రాత్రి ఇంతవరకు రాసి ఆపాను. పొద్దున మళ్లీ కూర్చున్నాను. అబద్ధం రాస్తే నువ్వు కనిపెట్టేస్తావు. ఆ వాసన నాకు కొత్త కాదు. మా పెరటి షెడ్డులోనూ అలాంటి బస్తా ఒక రాత్రి ఉంటుంది. నేను అటు వెళ్లను. మీ బావకి తెలుసో తెలియదో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. తెలిసీ తెలియనట్టు ఉండడం, నేను ఈ ఇంట్లో చదివిన చదువు అదొక్కటే.

కుళ్లు కుళ్లు అంటున్నావు కదా. నాకూ ఉంది. నీ మీద. నాకు ఇంటర్‌లో నీకంటే ఎక్కువ మార్కులు. ఎవరికైనా గుర్తుందా? అన్నయ్యకి అనూరాధ కావాలంటే ఆ ఇంటికి ఒక పిల్ల రావాలన్నారు. నేను వచ్చాను. నన్ను ఇచ్చారు కాబట్టి నీ పెళ్లికి తొందర లేకపోయింది, తొందర లేదు కాబట్టి నువ్వు విజయనగరంలో హాస్టల్లో ఉండి చదివావు. నీ ఎంఏ నా పసుపుతాడు మీద నిలబడి ఉంది. ఆ చదువుతో వచ్చి నా ఇంటికే నిప్పు పెడతావా?

గిరిని పక్కకు పిలిచి అడిగాను. నా కాళ్లు పట్టుకున్నాడు. అప్పులయ్యాయట, వ్యాన్ కిస్తీలట. బుజ్జిగాడి తల మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించాను, ఇక ముట్టనని. వాడు చెడ్డవాడు కాదే. నాకు జ్వరమొస్తే ఈ ఇంట్లో కాఫీ పెట్టి ఇచ్చేది వాడొక్కడే.

మానేశాడు. అయిపోయింది. ఇక దీన్ని లాగకు. నువ్వు నోరు విప్పితే వాడు జైలుకి, వదిన పుట్టింటికి, నేను మన ఇంటికి. కుండమార్పులో ఒక కుండ పగిలితే రెండోది మిగలదు. పెళ్లి మాట నేను ఎలాగోలా ఆపుతాను, నువ్వు కాదన్నావని చెబుతాను, తిట్లు నేను పడతాను.

గున్నమ్మ ఒంటరి మనిషి. టీ కొట్టు ఎక్కడైనా పెట్టుకుంటుంది. నేను ఎక్కడికి పోతాను?

ఈశ్వరి.


సాలూరు,
13 మార్చి.

అక్కా,

నీ మార్కులు నాకు గుర్తున్నాయి. నాన్న నీకు వాచీ కొంటానని అన్నది కూడా గుర్తుంది, కొననిది కూడా. నీ వల్లే నేను చదువుకున్నానన్నది నిజం. ఆ మాట ఇన్నాళ్లూ నువ్వు అనలేదు, నేను వినకూడదనే అడగలేదు.

గిరిబాబు ఒట్టు సంగతి. మొన్న మంగళవారం మళ్లీ వచ్చాడు. వ్యాన్ దింపాడు, ఒక బస్తా తనే మోసి గోడవారగా పెట్టాడు. ఈసారి కుట్టు విప్పలేదు, దగ్గరకు వెళ్తే చాలు. బుజ్జిగాడి తల మీద పెట్టిన చెయ్యి అదే. నిన్న పొద్దున నారాయణమూర్తి మాస్టారు పృథ్వీరాజ్‌ని రెక్క పట్టుకుని విజయనగరం బస్సు ఎక్కించారు. ఈసారి జ్వరమని ఎవరికీ చెప్పలేదు.

వదినకి చెప్పాను. మేడ మీద బట్టలు ఆరేస్తుంటే, అటు చివర తడి చీర నేను పట్టుకుని, మొత్తం చెప్పాను. ఏడుస్తుందని సిద్ధపడే వెళ్లాను. ఏడవలేదు. చీర చివరిదాకా సరిచేసి క్లిప్పులు పెట్టి అడిగింది:

"నీకిప్పుడు హాయిగా ఉన్నాదా?"

"ఉన్నాది" అన్నాను. నిజమే చెప్పాను. ఒక్క నిమిషం చాలా హాయిగా ఉంది. ఆ తర్వాత ఆమె చేతుల వైపు చూశాను. పెట్టిన క్లిప్పునే తీసి మళ్లీ అక్కడే పెడుతోంది. తమ్ముడి సంగతి ఆమెకు నిజంగా తెలియదక్కా. అది కూడా ఆమెకే కలిసొచ్చింది చూడు, నాకు ఆమె తప్పు కావాలి, ఆమె దగ్గర తప్పు లేదు.

"నువ్వే చెప్పు వదినా" అన్నాను. "నువ్వు చెబితే వీధంతా నమ్ముతుంది. నీ పేరు ఇంకా పెరుగుతుంది. సొంత తమ్ముణ్ని కూడా వదల్లేదంటారు. పేపర్లో పెద్ద ఫోటో వేస్తారు. నేను మోచెయ్యి కూడా పెట్టను." అలా అనడానికి నాకు ఎంత కష్టమైందో నీకు ఒక్కదానికే తెలుస్తుంది.

ఖాళీ బకెట్ అందుకుంది. "నా వల్ల కాదు. ఆడికి అన్నం తినిపించినాను నేను. నువ్వు సెప్పినా ఎవులూ నమ్మరు. వదినంటే కుళ్లనీసి, పెళ్లి తప్పిందనీసి సెప్తన్నాదంటారు. నేనూ అలగే అంటాను యమునా. సెప్పేస్తన్నాను ముందే." నాకు ఆమె మీద గౌరవం కలిగిన మొదటిసారి అదే. నా ఎదుట నిలబడి సూటిగా చెప్పింది.

నాన్నతో కూడా మాట్లాడాను. "బస్తా మన గోడౌన్లో ఉన్నాదంటే మనల్నీ లోపలేస్తారు. కొట్టు మూసుకోమంటావేటే?" అన్నారు. మూయాల్సి వస్తే మూద్దాం, గున్నమ్మ మూసింది కదా అన్నాను. ఆయన కళ్లజోడు తుడుచుకుని లెక్కల పుస్తకం తెరిచారు. అమ్మ మాత్రం నా కంచంలో నెయ్యి ఆపేసింది.

నాకు కుళ్లు లేదని మొదటి ఉత్తరంలో రాశాను. కొట్టేయ్ ఆ మాట. ఉంది. వదిన నవ్వంటే కుళ్లు, ఆమె గడప ఎక్కితే జనం లేచి నిలబడతారే, అదంటే కుళ్లు. ఈ గిరిబాబు వేరే ఎవరి తమ్ముడైనా నేను ఇంత తొందరగా కనిపెట్టేదాన్ని కాదేమో. కానీ కనిపెట్టాను. నేను మంచిదాన్నయ్యేదాకా ఆగే వీలు గున్నమ్మకి లేదు. ఆదివారం సాయంత్రానికి ఆమె సామాను వీధిలో ఉంటుంది. పృథ్వీరాజ్ మళ్లీ బస్సు దిగి వస్తాడు, కొట్టు వెనక పొట్లం వాడికోసం ఉంటుంది, వీధి మాత్రం గంజాయి పోయిందని శనగలు పంచుకుంటుంది.

నువ్వు ఎక్కడికి పోతానని అడిగావు. ఇక్కడికి రా. బుజ్జిగాడిని తీసుకుని, వాళ్లు పొమ్మన్నా, నువ్వే రావాలనుకున్నా. నా గదిలో బీరువా సగం ఖాళీ చేశాను. అన్నయ్య ఏమంటాడో నాకు తెలియదు, వదిన ఉంటుందో వెళ్తుందో తెలియదు. కొన్నాళ్లు ఈ ఇంట్లో ఎవరూ ఎవరితోనూ మాట్లాడకపోవచ్చు. నువ్వూ నాతో మాట్లాడకపోవచ్చు. నీ ఇల్లు కదిలిపోతుందని తెలిసే రాస్తున్నాను.

ఈ ఉత్తరం నీకు శనివారం చేరుతుంది. ఫోన్ చేయాలనుకుంటే చెయ్యి, స్పీకర్ పెట్టినా పరవాలేదు, మీ అత్తగారు విన్నా పరవాలేదు.

గున్నమ్మను ఖాళీ చేయించే తీర్మానం నేను రాయలేదు. ఆదివారం మీటింగులో లేచి నిలబడి గిరిబాబు పేరు చెబుతాను. బస్తా ఎవరి గోడౌన్లో ఉందో కూడా చెబుతాను. ఎస్సై గారిని ఐదు గంటలకి అక్కడికే రమ్మన్నాను.

యమున.